ఇస్త్రీపెట్టె కాపడం

మా ఇంట్లో పిక్క పట్టేయడాన్ని ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. జలుబుకున్న మర్యాద కూడా దానికి లేదు. జలుబు చేస్తే కనీసం వేడినీళ్ళు కాచి ఇచ్చేవాళ్ళుంటారు. పిక్క పట్టేసిందంటే మాత్రం "పడితే పట్టింది, అదే వదులుతుంది, ముందు ఆ చొక్కా కానీ" అంటారు. ఇస్త్రీ కొట్టు నడిపే ఇల్లు మాది. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు మళ్ళీ దించేదాకా బల్ల ముందు నిలబడటమే బతుకు. కొట్టులో కుర్చీ ఒకటుంది గానీ అది బట్టల కోసం వచ్చినవాళ్ళది. ఎవరూ లేనప్పుడు దాని మీద మడతపెట్టిన దుప్పట్లు పెడతాం తప్ప మేం కూర్చోం.

ఆ కొట్టులో మేం నలుగురం. మా బావగారు, ఆయన భార్య, ఆయన తమ్ముడైన నా మొగుడు, నేను. బావగారి భార్య నాకు తోటికోడలు. అక్కా అని పిలుస్తాను. పిలుపుకే అక్క, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. మావి ఒకే బల్లకు అటొకటీ ఇటొకటీ ఎలాగో ఇమిడాయి. నేను కాలర్ మీద పెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఉంచితే చాలు, "కాల్చు తల్లీ, కాల్చు, నీ పుట్టింటి సొమ్మేగా" అనేది. నేనేమైనా తక్కువ తిన్నానా? "నీ నోటి వేడి ఉండగా మనకి కరెంటెందుకక్కా, ఆ చొక్కాని నాలుగు తిట్లు తిట్టు, ముడతలు వాటంతటవే పోతాయి" అనేదాన్ని. బట్టల కోసం వచ్చినవాళ్ళు మా మాటలు వినడానికే కాసేపు ఎక్కువ కూర్చునేవాళ్ళని నా అనుమానం.

బావగారిని వీధిలో అందరూ మాస్టారు అంటారు. ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు, మడతలో మాస్టారు. చేతికి ఏది దొరికినా మడత పెట్టందే ఊరుకోరు, చదివేసిన పేపరైనా సరే, తిని పారేసే పొట్లం కాగితమైనా సరే. మాటల దగ్గర మాత్రం మహా పిసినారి. ఆయన నోరు విప్పి ఒక పూర్తి మాట చెప్పిన రోజున అక్క గుమ్మంలోకి వెళ్ళి ఆకాశం వైపు చూసి, "ఆరేసిన బట్టలు తీసెయ్యవే, వాన వచ్చేట్టుంది" అనేది. ఆయన నవ్వేవారు కాదు, కోప్పడేవారూ కాదు. ఆ మనిషికి పెళ్ళాం మీదున్న ప్రేమంతా ఒకే ఒక్క పనిలో బయటపడేది. అదే ఇస్త్రీపెట్టె కాపడం.

వాళ్ళ నాన్న నుంచి వచ్చిన విద్య అది. పిక్క పట్టేసిన మనిషిని బల్ల మీదే బోర్లా పడుకోబెట్టి, తడి తువ్వాలు నాలుగు మడతలు వేసి పిక్క మీద పరిచి, పెట్టెకు కరెంటు తీసేసి, కాస్త చల్లారాక తువ్వాలు మీద నడిపేవారు. వేడి చూడటానికి తడివేలు పెట్టె అడుగున తాకించేవారు. చుయ్‌మంటే ఇంకా ఆగాలి, ఊరికే ఆవిరి పోతే సరిపోయినట్టు. ఇక ప్యాంటు కాలు చేసినట్టే, మడమ దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా, ఎప్పుడూ కింది నుంచి పైకి. తర్వాత పెట్టె పక్కన పెట్టి, రెండు బొటనవేళ్ళతో అదే దారిలో గట్టిగా నొక్కుకుంటూ పోయేవారు. ఎంత మొండి పట్టైనా వదిలేది. నా కాలు బావగారు ముట్టుకోకూడదు కనుక, ఆయన గోడవైపు తిరిగి చెబుతుంటే నా మొగుడు పెట్టేవాడు. సగంసార్లు కాల్చేవాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆస్పత్రిలో జరిగింది ఇంకే ఇంట్లోనూ జరిగి ఉండేది కాదు. మా ఇంట్లోనే జరుగుతుంది.

కొంతకాలంగా అక్కకు నెలసరి ఆగకుండా పోతోంది. ఒంటి మీద పొడిగా ఉండే రోజులు తగ్గిపోయాయి. బయటికి చెప్పలేదు. ముదురు రంగు బట్టలు తప్ప వేసుకోవడం మానేసింది, అంతే. ఒకరోజు ఇస్త్రీ చేస్తూ చేస్తూ కళ్ళు తిరిగి ఆ కుర్చీలో కూలబడింది. కుర్చీలో ఎవరివో తెల్ల దుప్పట్లు ఉన్నాయి. లేచి చూసుకుంది. ఆ దుప్పటి తీసుకుని పెరట్లోకి వెళ్ళి, ఉడకబెట్టి, ఉతికి, ఆరేసి, మళ్ళీ తనే ఇస్త్రీ చేసింది. మర్నాటి నుంచి "తెల్లవి నువ్వు చెయ్యవే" అంది. ఎందుకని నేను అడగలేదు. తెల్ల బట్టలు చేయడంలో అక్కను మించినవాళ్ళు మా వీధిలో లేరు. వాటిని నాలాంటి కాల్చుడుమనిషి చేతికి ఇచ్చిందంటే ఆ మనిషి లోపల ఎంత చచ్చిపోయి ఉంటుందో నాకు అర్థమైంది. ఆ ఒక్కరోజు ఎదురుమాట అనలేదు.

గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. పెద్దదే. సంచితో సహా తీసేయాలన్నారు. ఆ మాట విని అక్క నవ్వింది. "ఇన్నేళ్ళూ ఖాళీగా పడున్న సంచి. ఒక్క బిడ్డనైనా మొయ్యలేదు. మోయక మోయక గడ్డని మోసింది, దాని ముచ్చట తీరిందిలే" అంది. బావగారు లేచి బయటికి వెళ్ళిపోయారు. నేను కూడా వెళ్ళిపోదామనుకున్నాను గానీ ఎవరో ఒకరు ఆ నవ్వుకు ఎదురుగా కూర్చోవాలి కదా.

ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి ఒంట్లో రక్తం లేదన్నారు. రెండోసారి దగ్గూ జ్వరమూ వచ్చాయి. రెండుసార్లూ బట్టల సంచి సర్దుకుని వెళ్ళడం, అదే సంచితో వీధిలోంచి తిరిగి రావడం. కనిపించినవాళ్ళంతా "ఇంకా అవలేదా?" అనేవాళ్ళు. "సంబంధం తప్పిపోయిన పిల్లని అడిగినట్టు అడుగుతున్నారే" అని అక్క ఇంట్లోకి వచ్చి సంచి విసిరికొట్టింది. మూడోసారి ముందుగానే చేర్చుకున్నారు. రక్తం ఎక్కించాలి, కళ్ళు తిరిగి పడుతోంది కనుక బాత్రూమ్‌కి తప్ప మంచం దిగకూడదు అన్నారు. పుట్టిన్నాటి నుంచీ నిలబడి బతికిన మనిషిని మంచంలో పడేశారు. చేతికి సూది, పక్కన స్టాండు, తలవైపు కిటికీ. "శవాన్ని కూడా ఇంతసేపు పడుకోబెట్టరే" అని నన్ను సాధించేది, పడుకోమన్నది నేనైనట్టు.

ఆపరేషన్ రేపనగా మధ్యాహ్నం. నేను క్యారేజీ గిన్నెలు విప్పుతున్నాను. అక్క ఉన్నట్టుండి దుప్పటిని పిడికిట్లో బిగించింది. ముఖం మెలికలు తిరిగిపోయింది.

"ఏమైందక్కా?"

"పిక్క. ఎడమది. పట్టేసింది."

"అంతేనా! నేనింకా ప్రాణం పోతోందేమో అనుకున్నా."

మా ఇంట్లో అలాగే అంటాం. కాలు చాపించి, బొటనవేలు పట్టి వెనక్కి వంచాను. మామూలుగా అయితే దానికే వదలాలి. వదిలినట్టే వదిలి మళ్ళీ పట్టేసింది. అక్క తువ్వాలు నోట్లో కుక్కుకుంది. కాసేపయ్యాక తీసి, "ఇది మన కొట్టు పట్టులా లేదే. లోపల ఎవరో పిండుతున్నట్టుంది" అంది.

"ఉండు, సిస్టర్‌ని పిలుస్తా."

నా చెయ్యి పట్టుకుంది. సూది ఉన్న చేత్తోనే పట్టుకుంది. "చెప్పావంటే చూడు. వాళ్ళకిదో వంక. మళ్ళీ వాయిదా అంటారు. మళ్ళీ ఆ సంచి పట్టుకుని ఆ వీధిలోంచి నడవలేనే నేను. నా వల్ల కాదు."

"నీ మాట నేనెప్పుడు విన్నాను కనక?" అని చెయ్యి విదిలించుకుని వెళ్ళి చెప్పాను. సిస్టర్ పక్క గదిలో ఎవరికో సెలైన్ సీసా మారుస్తోంది. ఆ పూట వార్డు మొత్తానికీ ఆ అమ్మాయి ఒక్కతే. "పిక్క పట్టేసిందా? పడుకునే ఉంటే అందరికీ పట్టేస్తుందమ్మా. నీళ్ళు బాగా తాగించండి. కాళ్ళు ఆడిస్తూ ఉండమనండి" అంది. వాయిదా మాట ఎత్తలేదు. వచ్చి అక్కకు చెబితే, "చూశావా, నువ్వూ నీ కంగారూ" అని నన్నే దెప్పింది.

నీళ్ళు తాగించాను. కాళ్ళు ఆడించింది. సాయంత్రానికి పట్టు అలాగే ఉంది. బాత్రూమ్‌కి పట్టుకుని తీసుకెళ్తుంటే ఎడమకాలి చెప్పు ఎక్కలేదు. "సెలైన్ నీళ్ళన్నీ కాళ్ళలోకి దిగినట్టున్నాయి" అని తనే డాక్టరై తేల్చేసింది. మంచమెక్కాక నాతో ఫోన్ చేయించింది. "మీ బావగారికి చెప్పు. వచ్చేటప్పుడు చిన్న పెట్టె పట్టుకురమ్మను."

చిన్న పెట్టె అంటే చంటిపిల్లల బట్టలకీ, చొక్కా చేతులకీ వాడేది. బావగారు దాన్ని సంచిలో అడుగున పెట్టి, పైన క్యారేజీ పెట్టి, కాపలావాడి ముందు నుంచి పెద్దమనిషిలా నడిచొచ్చారు. కిటికీ పక్కన ఫోన్లు పెట్టుకునే ప్లగ్గు ఒకటుంది. దానికి పక్క మంచం ముసలావిడ ఫోను తగిలించి ఉంది. సంగతి విని ఆవిడే తీసేసింది. "ఫోనుకేం తొందర బాబూ, ముందు ఆ పిల్ల కాలు చూడు" అంది. అక్కను పిల్ల అన్నవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. అంత నొప్పిలోనూ అక్క మురిసిపోయింది.

నేను గుమ్మంలో కాపలా నిలబడ్డాను. ఒక కన్ను నడవా మీద, ఒక కన్ను వాళ్ళ మీద. బావగారు తువ్వాలు తడిపి, పిండి, నాలుగు మడతలు వేసి పరిచారు. వేలు తడిచేసి పెట్టె అడుగున తాకించి ఆగారు. మళ్ళీ తాకించారు. తర్వాత మడమ దగ్గర మొదలుపెట్టి పైకి నడిపారు. పెద్దదొరల పట్టు పంచె మీద కూడా ఆయన అంత జాగ్రత్తగా పెట్టె నడపడం నేను చూడలేదు. ఆ తర్వాత బొటనవేళ్ళు. మడమ నుంచి మోకాలి దాకా, మళ్ళీ మడమ నుంచి మోకాలి దాకా. నుదుటి మీద చెమట పట్టింది. అక్క మొదట పళ్ళు బిగబట్టింది, తర్వాత కళ్ళు మూసుకుంది, ముఖం నెమ్మదిగా వదులైంది.

"అబ్బ, ఇప్పటికి ప్రాణం లేచొచ్చింది" అంది.

"మళ్ళీ వస్తే చెప్పు, మళ్ళీ పెడతా" అన్నారు బావగారు.

"ఏమేవ్, గొడుగు తెచ్చుకున్నావా?" అని అక్క నన్నడిగింది. ముసలావిడకు ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత కడుపు నిండా నవ్వొచ్చింది.

ఆయన కొట్టు మూయడానికి వెళ్ళాక అక్క నన్ను దగ్గరికి రమ్మంది. కాలు నొప్పి తగ్గిన మనిషికి మనసు నొప్పి గుర్తొచ్చింది. నొప్పులకూ వరసలుంటాయి కాబోలు.

"మత్తిస్తే లోపలున్నవన్నీ కక్కేస్తారట. నిజమేనా?"

"నీ లోపల దాచినవేం మిగిలాయక్కా? అన్నీ ఎప్పటికప్పుడు మా మొహాన కొట్టేశావుగా."

"సంచి తీసేశాక నేనింక ఆడదాన్నేనంటావా?"

"నీ నోరు తీసేస్తే తప్ప నీలో ఆడది చావదు."

నవ్వింది. నవ్వి, కిటికీ వైపు చూసి, "లేవలేదనుకో" అంది.

"ఏంటి?"

"మత్తులోంచి లేవలేదనుకో. వినవే, అడ్డురాకు. ఆయన చల్లారిన అన్నం తినరు. చల్లారిందని చెప్పనూ చెప్పరు. కంచం కొద్దిగా పక్కకి జరుపుతారు, అంతే. అది చూసుకోవాలి. వేడి అన్నం పెట్టి పక్కన ఉండక్కర్లేదు, పెట్టేసి వచ్చెయ్, తింటారు."

నాకు భయమేస్తే కోపం వస్తుంది. మా అమ్మకూ అంతే. "నోర్ముయ్యక్కా" అని అరిచాను. "లేవకపోతే నేనే వచ్చి బిందెడు నీళ్ళు మొహాన కొట్టి లేపుతా. నీ మొగుడి కంచం నేను చూసేదేంటి? నా మొగుడి కంచమే నేను చూడను." ముసలావిడ ఉలిక్కిపడి చూసింది. అక్క నా చెయ్యి తీసుకుని కడుపు మీద, ఆ గడ్డ మీద పెట్టుకుంది. గట్టిగా తగిలింది. "ఇది పోతే తెల్లవి మళ్ళీ నావి. నువ్వు ముట్టుకోవడానికి వీల్లేదు" అంది. తను భరించలేకపోయింది గడ్డనీ కాదు, నొప్పినీ కాదు, తన బల్ల మీద తనకు హక్కు లేకపోవడాన్ని. సరేనన్నాను.

పొద్దున్నే బావగారు వచ్చేశారు. సిస్టర్ వచ్చి ఆపరేషన్ గౌను తొడుగుతూ దుప్పటి తీసింది. ఎడమ పిక్క ఎర్రగా ఉంది. ముట్టుకుని, "ఇదేంటి, ఇంత వేడిగా ఉంది?" అంది. అక్క నా వైపు చూసింది, నేను బావగారి వైపు చూశాను, ఆయన నేల వైపు చూశారు. ముసలావిడ నోట నువ్వుగింజ నానదు. "ఏం లేదమ్మా, నిన్న ఇస్త్రీపెట్టెతో కాపడం పెట్టాడు" అనేసింది. సిస్టర్ నెత్తి కొట్టుకుంది. "ఇస్త్రీపెట్టా! ఆస్పత్రిలోనా! ఒళ్ళు కాలిపోతే ఎవరిది పూచీ?" అని నలుగురినీ కలిపి ఉతికి ఆరేసింది. మాకు ఉతకడం కొత్త కాదు గనుక నిలబడి విన్నాం.

అంతలో పెద్ద డాక్టరమ్మ రౌండుకు వచ్చింది. ఆపరేషన్ చేయబోయేది ఆవిడే. గొడవేమిటని అడిగితే సిస్టర్ చెప్పింది. డాక్టరమ్మ వంగి కాలు చూసింది, బావగారిని చూసింది, ఫక్కున నవ్వింది.

"అయితే ముడతలన్నీ పోయాయా?"

"మా ఆయన చేత్తో చేస్తే మళ్ళీ ముడత పడదు డాక్టరమ్మా" అంది అక్క.

వార్డంతా నవ్వింది. ఆవిడ వెనకున్న కుర్ర డాక్టర్లు నవ్వారు. తిట్టిన సిస్టర్ కూడా పెదవి కొరుక్కుంటూ నవ్వింది. బావగారు సైతం చెవులు ఎర్రబడి చిన్నగా నవ్వారు. "కమిలినట్టుంది, కాస్త మందు రాయండి" అని చెప్పి డాక్టరమ్మ పక్క మంచానికి వెళ్ళింది. ఆ ఎరుపుకు మా దగ్గర కారణం సిద్ధంగా ఉంది, ఆ వేడికి కూడా ఉంది. చేతిలో కారణం పెట్టాక ఇంకో కారణం ఎవరు వెతుకుతారు?

థియేటర్‌లోకి తీసుకెళ్ళేటప్పుడు అక్క వెనక్కి తిరిగి చూడలేదు. బావగారు బయట బెంచీ మీద కూర్చుని, జేబులో ఉన్న కాగితాలన్నీ మడతలు పెట్టారు, విప్పి మళ్ళీ పెట్టారు. చాలాసేపటికి ఒక అమ్మాయి ట్రే తెచ్చి గుడ్డ తీసి చూపించింది. తీసేసింది చూపించడం అక్కడ అలవాటట. బావగారు దాని వైపు చూస్తూ ఉండిపోయారు. "ఇది మోస్తూ నిలబడిందా ఇన్నాళ్ళూ?" అని ఎవరినీ అని కాకుండా అడిగారు. ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పారు. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. పీడ విరగడైందని ఏడ్చిన ఏడుపది. ఇప్పుడు తలచుకుంటే ఆ కన్నీళ్ళ మీద కూడా నాకు కోపమొస్తుంది.

మత్తు దిగి అక్క కళ్ళు తెరిచింది. కడుపంతా కోసి కుట్టిన మనిషిని బావగారు మొదట అడిగింది, "కాలెలా ఉంది?" అని. ఆయన చేతికి అందిన నొప్పి అదొక్కటే మరి, మిగతావన్నీ డాక్టర్లవి. అక్క ఎండిన పెదవులతో "కాలా? దాని సంగతే మర్చిపోయాను" అంది. ఆయన తల ఊపి, ఆమె కాళ్ళ మీద దుప్పటి అంచు సరిచేసి మడతపెట్టారు.

ఆ మర్నాడు పొద్దున ఆయన కొట్టు తెరవడానికి వెళ్ళారు. సిస్టర్ వచ్చి, "ఇవాళ నిలబెట్టి నాలుగడుగులు వేయిద్దాం" అంది. అక్క ముఖం వెలిగిపోయింది. నిలబడటం అంటే తనకు వచ్చిన పని. ఒకపక్క సిస్టర్, ఒకపక్క నేను. కాళ్ళు కిందికి దించింది, కాసేపు కూర్చుంది, కుట్లు పట్టుకుని లేచింది.

"చూశావా, నిలబడ్డా" అంది నాతో. "వెళ్ళి తెల్లవన్నీ నా వైపు పెట్టు."

"ముందు నడు. తర్వాత పెత్తనం చేద్దువుగాని."

కిటికీ వైపు అడుగులేసింది. ఆగింది. నా భుజం మీద వేళ్ళు బిగుసుకున్నాయి. "గాలాడట్లేదే" అంది. "కిటికీ తియ్యవే."

కిటికీ తీసే ఉంది. చెప్పబోయేలోపు ఆమె బరువంతా నా మీద పడింది. ఇద్దరం కిందపడ్డాం. సిస్టర్ అరిచింది. ఎవరెవరో పరుగెత్తుకొచ్చారు, నన్ను పక్కకు లాగారు, తెర లాగారు. తెర కింద నుంచి వాళ్ళ చెప్పులు కనిపించాయి, మోకాళ్ళ మీద కూర్చున్న ఒకతను ఊగడం కనిపించింది. చాలాసేపు ఊగాడు. తర్వాత ఊగడం ఆపేశాడు.

బావగారికి కబురు చేశారు. వచ్చారు. ఆమె పక్కన కూర్చున్నారు. ఏడవలేదు. కాసేపటికి లేచి, "బట్టలు తెస్తాను, ఈ గౌనులో వద్దు" అని వెళ్ళిపోయారు. ఆ మాట మీద వాన గురించి అనేవాళ్ళు ఎవరూ లేరు.

ఆయన వెళ్ళిన కాసేపటికి డాక్టరమ్మ నన్ను తన గదిలోకి పిలిచింది. కూర్చోమని, తనూ కూర్చుంది. తలుపు వేయించింది. కాలి నరంలో రక్తం గడ్డకట్టి ఉంటుందంది. ఎక్కువరోజులు మంచంలో ఉంటే, కడుపులో అంత గడ్డ నరాల్ని నొక్కుతుంటే అలా అవుతుందట. చూడటానికి పిక్క పట్టేసినట్టే ఉంటుందట. ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది. కాలిలో ఆ రక్తపుగడ్డ అక్కడే ఉంటే మందులతో కరిగించవచ్చు. కదిలి పైకి వెళ్ళి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే మనిషి దక్కదు.

"కాపడం పెడితే?" అన్నాను.

"కాపడం పెట్టకూడదు. రుద్దకూడదు. కదులుతుంది." ఆగి, "దానివల్లే కదిలిందని చెప్పలేం. ఉత్తినే కూడా కదలొచ్చు. కానీ దానివల్ల కాదని కూడా చెప్పలేను" అంది.

"నిన్న ఆ కాలు చూసి మీరు నవ్వారు."

"నవ్వాను" అంది. తల దించుకోలేదు. ఆవిడ ఏదైనా వంక చెప్పి ఉంటే లేచి మీద పడేదాన్ని. ఆవిడ చెప్పలేదు, నేను లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "ఆయనకు చెప్పాలి. భార్య ఎందుకు పోయిందో తెలియాలి కదా" అంది. నిజమే. నేను కాదనలేదు.

తలుపు తోసుకుని బావగారు వచ్చారు. చేతిలో అక్క బట్టలు, ఇస్త్రీ చేసి పేపర్లో చుట్టినవి. అప్పుడే పెట్టె కింద నుంచి తీసిన వాసన వస్తోంది. డాక్టరమ్మ కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"ఎందుకు పోయిందమ్మా?" అని అడిగారు.

"ఆపరేషన్‌కి ముందురోజు ఆవిడకి కాలు నొప్పి వచ్చింది కదండీ..."

"వచ్చిందమ్మా" అన్నారు బావగారు, మాట పూర్తికాకముందే. "నేనే తగ్గించాను."

ఆ గొంతులో కాస్త గర్వం ఉంది. ఇంత పెద్ద ఆస్పత్రిలో, ఇన్ని మందుల మధ్య, ఆయన భార్య కోసం ఆయన చేయగలిగింది ఆ ఒక్కటే. అది కుదిరింది కూడా. డాక్టరమ్మ నా వైపు చూసింది.

పుట్టి బుద్ధెరిగాక నేను ఒక మాట మింగిన పాపాన పోలేదు. అత్త ముందు మింగలేదు, మొగుడి ముందు మింగలేదు, ఇప్పుడు మంచం మీద చల్లబడిపోయిన ఆవిడ ముందు అసలే మింగలేదు. ఆ నిజం నా గొంతు దాకా వచ్చింది. బావగారి చేతులు ఆ పొట్లం మీద ఉన్నాయి. ఈ మాట చెబితే రేపటి నుంచి ఈ మనిషి ఆ చేతులు ఎక్కడ పెట్టుకుంటాడు అనిపించింది. రేపో మాపో ఎవరో ఒకరు చెప్పేయొచ్చు. చెప్పేవాళ్ళు చెప్పుకోనీ. నా నోటి నుంచి వద్దు.

"గుండె ఆగిపోయిందట బావగారూ" అన్నాను. "కొందరికి అలా అవుతుందట."

డాక్టరమ్మ కాదనలేదు. అది ఆయన మీద జాలో, తన మీద తనకు జాలో నాకు తెలియదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు.

బావగారు నా వైపు తిరిగారు. ఎప్పుడూ నా ముఖం చూసి మాట్లాడని మనిషి, చూసి అడిగారు.

"లేచి నిలబడ్డప్పుడు కాలు నొప్పని అందామ్మా?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా అనలేదు బావగారూ. మీ చెయ్యి పడ్డాక మళ్ళీ ఆ కాలి ఊసే ఎత్తలేదు."

ఆయన తల ఊపారు.

"అదొక్కటీ నయం" అన్నారు.